అడుగు వరస

బరంపురం గేట్ బజారు. కరెంటు వచ్చిపోతోంది.
హేమసుందర్ పాత్రో గారి అప్పడాల కొట్టుకి
వెబ్‌సైట్ కడుతున్నాను.

"మెనూ ఏటి, మనది హోటల్ కాదు కదా!"

మినప, పెసర, సగ్గుబియ్యం
పై వరసలో ఆరేశాను.
మినప మీద బాణం ఆనగానే
మిరియం, ఇంగువ, జీలకర్ర
జారి కిందికి దిగాయి.
"మళ్లీ తియ్యి" అన్నాడు,
మళ్లీ.

ఫోన్లో అయితే మూడు గీతలే,
నొక్కితే గాని కొట్టు తెరవదు.

ఇక అడుగున.
చిరునామా ఒడియాలో, దాని కింద తెలుగులో,
ఫోను నంబరు.
"సర్వహక్కులూ" అని కొడుతుంటే
చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముప్పయ్యేళ్లు పిండి దంచింది గురువులమ్మ.
ఆవిడ పేరు రాయి.
పేజీ పేజీకీ వస్తాది కదా?"

వస్తుందన్నాను.
అంత కిందికి ఎవరూ దిగరని
అనలేదు.