పుల్ల

కర్సర్ అనడు ఓదెలన్న, పుల్ల అంటడు.
పరకాల రిజిస్ట్రారాఫీసు ఎదురుంగ
జిరాక్సు డబ్బాల ఇరవైయేండ్ల సంది
దస్తావేజులు కొడుతుండు.

"నీ పుల్లకు కుదురు లేదు తమ్మీ.
క్షేత్రంల 'క్షే' దాటాలంటె నాలుగుసార్లు నొక్కాలె.
ఎంటర్ కొడితె కాయిదం ఎగిరి మొదటి పేజీల వడుతది.
నిన్న తూర్పు హద్దుల చలివాగు
పడమరకు పారింది.
కొన్నాయన సూసిండు గని,
సూడకపోతె?"

నయీంనగర్ రూముల కూసోని
ఏబీసీడీలతోటి పరీక్ష జేసి
నేను పంపిన ఎడిటరే అది.
అక్షరాన్ని లోపలి ముక్కలతో లెక్కవెట్టిన.
కన్ను ముక్కలను సూడదు.

స్టూలేసుకొని పక్కన కూసున్న.
చిత్తు కాయిదం మీద ఆయన ఎడమ చూపుడువేలు.
ఎవరో మార్కెట్ విలువ అడిగిన్రు,
ఛాయ్ పిలగాడు పాత బాకీ అడిగిండు,
కరెంటు పోయి వచ్చింది.
తల అటు తిరిగింది, ఇటు తిరిగింది.
వేలు సర్వే నంబరు మీదనే ఉంది.

ఆ రాత్రి
చూపు వేరు, చోటు వేరు అని రాసిన.
ఒత్తులన్నిటినీ తల్లక్షరంతో ఒక్క అడుగు జేసిన.
కండ్ల ముందే ఉన్న వరుస కోసం
పేజీని కదిలియ్యొద్దన్న.
కొత్తగ రాసింది పదకొండు వరుసలు,
కొట్టేసింది నలభై.

తెల్లారి ఓదెలన్న నాలుగు దస్తావేజులు కొట్టిండు,
పుల్ల మాటే ఎత్తలే.
నేనే అడిగిన, "ఎట్లుందే?"
"ఏంది ఎట్లుంది?"
జరసేపాగి,
"గని గంత జల్ది జల్ది మిణుకుతదెందుకు,
పక్కన నిలవడి తొందరవెట్టినట్టు?"