నీలి కాగితం

ఇత్తడి కీలు మీద పై దవడా కింది దవడా
సుద్దతో పోసి బిగించినాను.
తీస్తే తెరుచుకుంటాయి, వేస్తే మూసుకుంటాయి,
తలుపు మాదిరి.
టక్. టక్.
చిత్తూరు గిరింపేట సందులో మా ల్యాబు చప్పుడు ఇంతే,
పక్కన మిక్సీ రిపేరు షాపు వాళ్ళు అన్నానికి పోయినప్పుడు
బాగా వినపడుతుంది.

మొగిలప్ప పండ్ల సెట్టు మూడోసారి తిరిగొచ్చింది
ఐరాల బస్సులో, టిఫిను డబ్బాలో, తడిగుడ్డ చుట్టుకొని.
నోట్లో కాదు, చేతిలో.

"మాట్లాడేదానికి బాగుండాది పాపా.
పెండ్లిండ్లలో నవ్వేదానికీ బాగుండాది.
సంగటికి దీంతో పనే లేదు,
సంగటి నమిలినోడు ఎవుడు, మింగేదే గదా.
చెనిక్కాయలు ఏసుకుంటే మాత్రం
ఎడంపక్క నాకంటే ముందు ఎవురో కాలు పెట్టినట్టుండాది."

పుస్తకంలో దానికొక పొడుగాటి పేరుంది.
పరీక్షకు బట్టీ పట్టినాను.
ఆయన మాటే బాగుంది.

డాక్టర్ వనజాక్షి మేడం పండ్ల మధ్య
నీలి కాగితం పెట్టి కొరకమన్నారు.
కొరికినాడు.
రెండు పక్కలా చుక్కలు,
ముగ్గుకు ముందు పెట్టే చుక్కలంత సమంగా.
నా పనిలో తప్పు లేదు అని నేను నోరు తెరిచేలోపల
మేడం అన్నారు,
"కొరకొద్దు మొగిలప్పా. నములు."

అప్పుడు చూసినాను,
పద్నాలుగేండ్లుగా దవడలు పోస్తున్న నేను.
అది తలుపు కాదు.
కిందికి దిగి, కుడికి వాలి, వంపు తిరిగి
పైకొచ్చి చేరుతోంది,
కారబోయే నీటిబొట్టు గీసినట్టు.
కుడి చెవి ముందరి కీలు ఉన్న చోటే తిరుగుతుంటే
ఎడమది గుంతలోంచి జారి ముందుకొచ్చి
మళ్ళీ ఇల్లు చేరుతోంది.
కాగితం తీస్తే
ఎడంపక్క చుక్కల్లో ఒకదానికి తోక మొలిచింది.
అదీ ఆ ముందు కాలు పెట్టినోడు.

"ఎప్పుడూ కుడిపక్కేనా?"

"నలభై ఏండ్లు బెల్లం పెనం కాడ నిలబడినోడ్ని మేడం.
పాకం బొట్టు సన్నీళ్ళలో ఇడిచి, ఉండ జేసి,
కుడి దౌడ పంటి కింద పెట్టేది.
చిట్ మంటే దించు.
సాగితే ఇంకో మోపు ఎయ్.
కుడిపక్క కూలి పని.
ఎడంపక్క వక్కాకు, కులాసా."

నవ్వినాడు. సెట్టు కొంచెం లేచింది, నాలుకతో అణచుకున్నాడు.
"ఆ పండ్లు నాకు చెప్తా ఉండె పాపా.
ఇవి చెప్పవు."

దానికి నా దగ్గర మైనం లేదు, సుద్ద లేదు.
పంటి వేరు చుట్టూ ఉండే సన్నని నారలతో పాటు
ఆ కబురూ పోయింది.
మేడం ఆయన చేతిని తీసి ఆయన చెంప మీదే పెట్టించినారు,
కండ గట్టిపడే చోట.
"ఇంక ఇక్కడ వినాల. కొంచెం ఆలస్యంగా తెలుస్తుంది."

నేను తోకను అరగదీసినాను.
వెంట్రుక మందం. దాంట్లో సగం.
చుక్కను ముట్టుకోలేదు.

మొగిలప్ప అంగీ జేబులోంచి
కాగితం పొట్లం విప్పి చిన్న బెల్లం ముక్క తీసినాడు.
కుడిపక్క పెట్టుకొని కండ్లు మూసుకున్నాడు.
సందులో మిక్సీ ఒకటి అరిచి ఆగింది.

"ఏమంటాంది?" అన్నాను.

"ఏమీ అన్లేదు." ఇంకోసారి నమిలినాడు.
"గడపలోకి ఎవురో వచ్చి నిలబడుకున్నట్టుండాది.
లోపలికి రాలా."

బస్సు టయమైందని లేచినాడు.
ఈసారి సెట్టు నోట్లోనే పోయింది.

ఆ రాత్రి నేను చెనిక్కాయలు తింటా
చెవి ముందర రెండు పక్కలా వేళ్ళు పెట్టుకొని చూసినాను.
ముప్పై ఆరేండ్లు వచ్చినాయి నాకు.
నేను ఎడంపక్క నములుతానంట.