ముప్పై తొమ్మిదో పేరు

వంద పేర్లు రాయమన్నది మేడం.
తెలిసినోళ్లు, సగం తెలిసినోళ్లు,
పెండ్లిల పక్క కుర్చీల కూసోని పప్పు అందిచ్చినోళ్లు గూడ.
"పేరు రాస్తె పైస రాసినట్టే" అన్నది.
హన్మకొండ చౌరస్తాల, మిద్దె మీద మీటింగు హాలు,
మా ఇరవైమందికి తలో నోటుబుక్కు, సగం కప్పు చాయ.

సుబేదారిల జిరాక్సు దుకాణంల చేస్త నేను.
పదేండ్లసంది ఎందరి పేర్లో నా చేతుల మీదికెల్లి పోయినయి.
ఆధార్లు, మార్కుల మెమోలు, భూమి పట్టాలు,
చావు కాయితాలు గూడ, రెండు దిక్కుల.
గని నన్ను రాయమంటే
ముప్పై ఎనిమిది కాడ పెన్ను ఆగింది.
అండ్ల నలుగురికి నేనే బాకీ ఉన్న.

చిట్టి ఎత్తిన ఎనిమిదివేల అయిదొందలు కట్టి
అట్టపెట్టె ఆటోల తెచ్చుకున్న.
అంటుకోని పెనం, మూత బిర్రుగుండే డబ్బాలు ఆరు,
తొక్కదీసే కత్తులు,
తాడు గుంజితె ఉల్లిగడ్డ తుంపులయ్యే గిన్నె,
ఒక రంగుల పుస్తకం, అండ్ల నవ్వే ఆడోళ్లు,
చెమట పట్టని వంటిండ్లు.
రశీదు మీద నా పేరు చూసినంక సమజైంది,
ఈ యాపారంల మొదటి గిరాకి నేనే.

ఐతారం, కొత్తవాడల.
మగ్గం ఆపి, చేతులకంటిన నూలు దులుపుకుంట
ఉప్పలమ్మ ముంగట్ల కూసున్నది. వెనుక ఏడుగురు.
అద్దం ముంగట బట్టీ పట్టిన మాటలు చెప్తున్న,
నూనె చుక్క వద్దు, మాడుడు లేదు, గీకుడు లేదు...
"సర్వపిండి అయితదా బిడ్డా?" అన్నదామె.

పుస్తకంల లేదు గది.
బియ్యప్పిండి ఆమెనే తెచ్చింది, నువ్వులు, నానిన శెనగపప్పు,
ఉల్లాకు, కారం.
ఒత్తిన. ఏలుతోటి బొక్కలు పెట్టిన.
బొక్కల్ల నూనె పొయ్యకుంటె అది సర్వపిండి గాదు,
పోస్తె నా మాట మాట గాదు.
పోసిన.
పెనం వంచంగనే జారి పళ్లెంల పడ్డది,
సాఫుగ, ఇస్త్రీ చేసిన తీరు.
గీకిన పెచ్చుల కోసం నిలవడ్డ పోరగాండ్లు
పెనం అడుగు చూసి ఎల్లిపోయిండ్రు.
"మంచిగనే ఉన్నది గని," ఉప్పలమ్మ నమిలి చెప్పింది,
"పొయ్యి మీద ఉన్నంత సేపు ఏం మాట్లాడలే."

పెనం అమ్ముడువోలే.
లేవబోతాంటె ఆమె ఒక డబ్బా మూత ఒత్తి చూసింది. టప్‌.
"చెమ్మ పోతదా లోపటికి?"
"పోదవ్వా."
"వానకు మా రేకులు కారుతయి. పించను బుక్కు, గోలీలు దాసుకుంట."
మూడొందల నలభై, అన్నీ ఇరవైలు, పదులు,
మగ్గం గుంట వాసనతోటి.
నాకు మిగిలింది అరవై ఎనిమిది.

వారం తిరగకముందే
చిట్టాల పదకొండో పేరు, అనసూయ,
గల్లీ మలుపుల నన్ను చూసి ఫోను చెవికి పెట్టుకున్నది.
ఆ ఫోను వెలగలే.
అవతల ఎవరు లేరన్నది ఆమెకు ఎరుకే, నాకూ ఎరుకే.
"ఆఁ, ఆఁ, చెప్పు" అనుకుంట దాటిపోయింది.

కోపం రాలే.
పోయినేడు బీమా విజేందర్ బండి ఆపితె
నేను గూడ గిదే గల్లీల గిదే ఆట ఆడిన.

రాత్రి నోటుబుక్కు తీసి
ముప్పై తొమ్మిదోది రాసిన, విజేందర్.

వచ్చిండు. చెప్పులు ఇడిసి బుద్ధిగ కూసున్నడు.
మొదటినుంచి చెప్పిన. తాడు గుంజిన.
నడుమల మాట మరిచిపోతె
అందియ్యలే, ఆగిండు. గడియారం చూడలే.
నూటఇరవై పెట్టి తొక్కదీసే కత్తి ఒకటి కొన్నడు.
అటెన్క తన బ్యాగు జిప్పు మీద చెయ్యి పెట్టి
నా మొఖం దిక్కు చూసిండు.

"తియ్యి" అన్న.

ఇరవై ఏండ్లకు నేను చస్తే ఎంతొస్తదో
కాయితం మీద ఏలు పెట్టి ఒక్కొక్క గీత చూపిస్తాండు.
చాయ పొంగుతాంటె లేసి, మంట తగ్గిచ్చి,
మల్ల వచ్చి కూసున్న.