ఒక జత తక్కువ

గురువారం సాయంత్రం హాలు ఎవరిదన్న తగువుతో
మొదలవుతుంది ఈ మినిట్స్ పుస్తకం.
అట్ట చెదలు తినేసింది.
లోపల నా చేతిరాత మాత్రం
ఇప్పటికీ పొగరుగానే ఉంది:
"భజన సమాజం వారు అయిదింటికి,
క్రైస్తవ విద్యార్థినుల ప్రార్థన కూటమి వారు ఆరింటికి.
హార్మోనియం పెట్టె తాళంచెవి వార్డెన్ గారి వద్ద."

ఆ తాళంచెవి కోసం నేనూ ఎస్తేరూ
నెలన్నర మాట్లాడుకోలేదు.
భోజనాల దగ్గర మజ్జిగ గిన్నె కూడా
మూడో మనిషి చేత అందించుకునేవాళ్ళం.

అంతలో విశాఖ మీద బాంబులు పడ్డాయి.
విజయనగరం దీపాలు ఆర్పేసుకుంది.
హాస్టలు మొత్తానికి ఒక్క గది, ఒక్క లాంతరు,
కిటికీలకు గంజితో అంటించిన నల్ల కాగితం.
మా శ్లోకమూ వాళ్ళ కీర్తనా
ఆ కాస్త వెలుతురులోనే సర్దుకు కూర్చున్నాయి.

ప్రిన్సిపాలమ్మ మూట విప్పింది. ఖాకీ ఉన్ని.
సిపాయిలకు మేజోళ్ళు అల్లాలట.
వైశాఖ మాసం. చెమట సూదుల మీంచి జారేది.
పుట్టి బుద్ధెరిగి మేజోడు తొడగనివాళ్ళం
ఎక్కడిదో చలికి కుట్లు లెక్కపెట్టాం.
మడమ దగ్గర మలుపు తిప్పడం
ఒక్క ఎస్తేరుకే వచ్చు.
నేర్చుకోవాలంటే అడగాలి.
రెండు రోజులు విప్పి, అల్లి, విప్పి,
అడిగాను.

ఏ సమాజమూ లేని జైబున్నీసా
అందరి దారాలకూ చిక్కు తీసేది.
పెదమజ్జి అప్పలనరసమ్మ మాత్రం సూది ముట్టలేదు.
"ఎవులి యుద్దానికి ఎవులం అల్లతన్నాం?" అని
మూల కూచుని తకిలీ తిప్పుకుంది.
వార్డెన్ ఆ మూలకేసి చూసి,
లాంతరు ఒత్తి కొంచెం తగ్గించింది.

ఒక శనివారం తెల్లారగట్ట స్టేషన్ నుంచి కబురు:
కలకత్తా బండిలో రంగం జనం దిగుతున్నారు.
రెండు గుండిగల గంజి కాచాం.
ఎవరు కాచింది ఎవరు తాగుతారమ్మా అని
వంటాయన అడిగాడు.
దిగినవాళ్ళు అడగలేదు.

సాలూరు వాళ్ళు, పాలకొండ వాళ్ళు, చీపురుపల్లి వాళ్ళు.
అక్కడి రేవులో బస్తాలు మోసి,
అరకాను కొండలు నడిచి వచ్చినవాళ్ళు.
ఒకామె లోటా ఎత్తి గుక్క తాగి
"ఒలమ్మా, ఉప్పేసినావు" అంది.
అంతే, ఏడుపు మొదలెట్టింది.

ఆమె అరికాళ్ళు చూడబోయి చూడలేకపోయాను.
చర్మం ఉండాల్సిన చోట గోనెపీలికలు.
నేను వప్పజెప్పే శ్లోకాల్లో ఆ పాదాలు లేవు,
ఉన్నా నాకు ఆనలేదు.
ఎస్తేరు ప్లాట్‌ఫారం మీద వంగి కడిగింది.
ఆమెకు తెలిసిన కథేదో ఉంది కాబోలు, చెప్పలేదు.
నేను నీళ్ళు పోశాను.

అప్పుడు అప్పలనరసమ్మ,
సూది ముట్టని ఆ మనిషే,
ఎస్తేరు సంచీలో చెయ్యి పెట్టి
పూర్తయిన జత బయటికి లాగింది.
"నాను తొడుగుతాను, ఉండు."
మడమ దగ్గర మెల్లగా, చంటిపిల్లకు తొడిగినట్టు.

రాళ్ళు పేలే ఎండలో
ఖాకీ మేజోళ్ళతో ఆమె
పార్వతీపురం బండి ఎక్కడం
నాకింకా కనిపిస్తుంది.
పేరు అడగడం మరిచిపోయాం.

నెలాఖరుకి యుద్ధ సహాయ కమిటీ లెక్క అడిగింది.
నలభై జతలకు ఉన్ని ఇచ్చారు,
ముప్పై తొమ్మిదే తేలాయి.
నేనే రాశాను, ఇదిగో, ఈ పేజీలో:
"ఒక జత ఎలుకలు కొట్టినవి."
సాక్షి సంతకం ఎస్తేరుది.
అబద్ధమాడరాదన్న మాట
ఆమె దేవుడూ చెప్పాడు, నా దేవుడూ చెప్పాడు.
ఆ రాత్రి ప్రార్థనలో ఇద్దరం
కొంచెం గట్టిగానే గొంతెత్తాం.

పక్కన మార్జిన్‌లో ఎర్ర సిరా, ప్రిన్సిపాలమ్మ దస్తూరి:
"పిల్లిని తెచ్చుకోండి."

తెచ్చుకున్నాం.
గురువారాలు అది హార్మోనియం పెట్టె మీదే పడుకునేది,
అయిదింటికీ, ఆరింటికీ.