జుమ్మేరాత్ బజార్ ఫోను

నాలుగొందలకు కొన్న, బటన్ల ఫోను.
లోపల పాత సిమ్ము అట్లనే ఉన్నది.
రాత్రి ఎనిమిదికి గుయ్యిమన్నది:
"బాలనర్సమ్మ గారూ, నేటి టీబీ మాత్రలు వేసుకున్నారా?"

నాకు దగ్గు లేదు, దమ్ము లేదు.
భోలక్‌పూర్‌ల పంచర్ దుకాణం.
తెల్లారి మల్ల. ఆ మర్నాడు మల్ల.
తీసేస్తనే ఉన్న, ట్యూబుల గాలి తీసినట్టు.

ఇరవయ్యో నాడు వేరే మాట:
"మీరు మందులకు రాలేదు. దయచేసి రండి."
ఆ 'దయచేసి' కాడ ఏలు ఆగింది.
ఇంతవరకు నాకెవ్వరూ రాయని మాట.

షట్టర్ సగం దించి బస్తీ దవాఖానకు పోయిన.
సిస్టరమ్మ నన్ను కిందికీ మీదికీ చూసి
నోరు మెదపకుంట
తోలు గోదాం ఎనక సందు చూపింది.

రేకుల ఇంటి గడప మీద కూసున్నది,
హ్యాంగరుకు చీర తగిలించినట్టు.
ఫోను చూసి గుర్తువట్టింది.
"అమ్ముకున్న బిడ్డా.
ఉత్త కడుపుల ఆ గోలీలేస్తే కండ్లు తిరుగుతయి."

ఇప్పుడు ఎనిమిదింటికి రెండు రొట్టెలు పట్టుకపోత.
గుయ్యిమంటది. సదివి వినిపిస్త.
మింగి, నీళ్ల గిలాస కింద పెట్టి
"ఏసుకున్న అని రాయి" అంటది.
రాస్త.

ఆ నంబరుకు జవాబు పోదు.
ఆమెకు చెప్పలే.