నిప్పులవాడు

ఇర్బిద్‌లో, యూనివర్సిటీ వీధిలో,
రెండో అంతస్తు కేఫ్‌లో
నన్నెవరూ పేరుపెట్టి పిలవరు.
"నిప్పు!" అంటారు.
వెళ్తాను.

ఇనప బుట్టలో కణకణలాడే బొగ్గులు,
చేతిలో పట్టకారు,
చొక్కా ముందువైపు ఆవగింజలంత చిల్లులు.
దరా నుంచి సరిహద్దు దాటి వచ్చి ఎన్ని నెలలైందో
వాటిని లెక్కపెట్టుకుంటే చాలు.

కిటికీ పక్క బల్ల జుమానాది.
ఆమె దగ్గర యజమాని డబ్బు తీసుకోడు.
ఊదారంగు దీపం ఆమె వైపు తిప్పిస్తాడు,
గాజు బుడ్డిలో నిమ్మచెక్కలు,
రెండు గులాబీ రెక్కలు వేయిస్తాడు.

ఫోను ముందు ఆమె పెదవుల్ని సున్నా చుట్టి
పొగను ఉంగరంలా వదులుతుంది.
ఆ ఉంగరంలోంచి ఇంకో ఉంగరం దూరాలి.
దూరదు.
మళ్లీ.
దూరదు.
పదిహేడోసారి దూరింది.
పదహారుసార్లూ ఆమె ఎలా దగ్గిందో,
కాటుక చెంపలదాకా ఎలా జారిందో నాకు తెలుసు.
టిష్యూలు అందించింది నేనే.

రాత్రి నా పగిలిన ఫోనులో చూశాను.
మొత్తం పదకొండు సెకన్లు.
దగ్గు ఉన్నచోట పాట ఉంది.
కింద బారులు బారులుగా ఎర్రని గుండెలు,
ఊపిరితిత్తులు మాత్రం
ఎవరూ పంపలేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఫోనులో వస్తుంది.
నా చేతిని కత్తిరించేసింది కదా!
ఒక మూలన, అరసెకను,
బొటనవేలు మిగిలిపోయింది.
మసిని బట్టి గుర్తుపట్టాను.

ఓ గురువారం ఆమే అడిగింది,
"ఆ బుట్ట గిరగిరా తిప్పవా?"
తిప్పాను.
నిప్పురవ్వలు నా చుట్టూ చక్రం కట్టాయి.
"పేరు చెప్పు, నిన్నూ జత చేస్తా" అంది.
పని చేసుకునే కాగితం లేనివాడికి పేరెందుకు?
"నిప్పు అని రాయి" అన్నాను.
నవ్వింది. అలాగే రాసింది.

అది రెండు లక్షలమంది చూశారట.
ఎవరో డ్రాగన్ అన్నారు,
ఎవరో వీడి చొక్కా ఎక్కడ దొరుకుతుందన్నారు,
చిల్లుల చొక్కా ఫ్యాషన్ అనుకున్నారు పాపం.
అప్పట్నుంచి రోజూ రాత్రి తొమ్మిదికి
యజమాని నాచేత నిప్పు తిప్పిస్తున్నాడు.
జీతం తిరగలేదు.

పొగాకు ఎలా వదులుగా పరవాలో
నాకు నేర్పినవాడు అబూ సుబ్హీ.
ముప్పై ఎనిమిదేళ్లు
ప్రతి హుక్కా మొదటి దమ్ము ఆయనే లాగి,
రాజుకున్నాక బల్లకు పంపేవాడు.
ఎవరి హుక్కాకైనా ఎంగిలి ఆయనదే.
ఇప్పుడు ఆస్పత్రిలో, మూడో వార్డులో.

వెళ్లాను.
మంచం పక్కన గోడకి చిన్న నీళ్ల సీసా,
అందులోంచి ముక్కుదాకా సన్నని గొట్టం.
గుడగుడ, గుడగుడ.
ఆ చప్పుడు వినగానే
నా చెయ్యి తనంతట తనే
నడుము దగ్గర పట్టకారు వెతికింది.
ఆయన చూశాడు.
"బొగ్గు అక్కర్లేదురా" అన్నాడు,
"ఇది ఉత్త గాలి. రుచీ పచీ లేదు."

ఏం మాట్లాడాలో తోచక
నా వీడియో చూపించాను.
ఒకసారి చూశాడు.
మళ్లీ పెట్టమన్నాడు.
నన్నూ చూళ్లేదు, చక్రాన్నీ చూళ్లేదు,
వెనక బల్లమీది చిలుం మీదే వేలు పెట్టి,
"మరీ గట్టిగా కూరారు,
మాడుతోంది.
ఆ పిల్లకి చెప్పేవాళ్లే లేరా?"

ఇవాళ జుమానా వచ్చింది.
దీపం తిప్పారు. నిమ్మచెక్కలు వేశారు.
ఫోను ఇంకా బోర్లా ఉంది.
గొట్టం నోటి దగ్గర పెట్టుకుని, తీసి,
గొంతు తగ్గించి అడిగింది,
"మాడు వాసన వస్తోందా, నాకే అలా ఉందా?"

నోరు తెరిచాను.
అటు మూలబల్ల నుంచి
"నిప్పు!"