మలుపు కాడ ఆరడుగులు

పార్శిగుట్ట బస్తీ దవాఖానల
మందుల డబ్బాలు అటు జరిపి
నేల మీద సుద్దముక్కతో గీత గీసింది పిల్ల.
పేరు సఫూరా. ఫిజియో అంట.
నా నడుముకు రబ్బరు పట్టీ కట్టి
దాంట్ల ఫోను దోపింది.
"పెద్దయ్యా, కుర్చీలకెల్లి లేచి
గీత దాక నడిచి, తిరిగొచ్చి కూసో. గంతే."

గంతేనా!
ముప్పై ఒక్కేండ్లు ఈ నడుము మీద
తోలు సంచి వేలాడింది బిడ్డా.
చిల్లర బరువుకు ఎడమ భుజం
ఇప్పటికీ ఒక అంగుళం కిందనే.
సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం దాక
ఉరికే బస్సుల, కడ్డీ పట్టకుండ
రెండు చేతుల టికెట్లు చింపినోన్ని.
బ్రేకు పడితే బస్సు బస్సంత ముందుకు ఒరిగేది,
నేనొక్కన్నే నిటారు.

లేచిన. నడిచిన. మర్లిన. కూసున్న.

తెర మీద గీతలు,
ఒకకాడ నల్లా ధారోలె సన్నగ,
ఒకకాడ మౌలాలి గుట్టోలె.
పిల్ల వేలు నడుమ ఆగింది.
"నడక మంచిగనే ఉంది.
లేచుడు జెర ఆలస్యం, పర్వాలే.
మలుపు కాడ మాత్రం ఆరడుగులేసినవ్.
ఎక్కడన్న పడ్డవా పెద్దయ్యా?"

లేదన్న.
ఆమె మళ్ళ అడగలే. పట్టీ విప్పుకుంట ఊకుంది.
బయట రాంనగర్ దిక్కు పోయే బస్సు హారను.

టికెట్ లేనోన్ని నేను మొకం చూసి పట్టకపోయేది.
మొకాలు అబద్ధం నేర్చుకుంటయ్.
పాదాలు చూసేటోన్ని.
స్టేజీలు ఇంక మూడు ఉండంగనే
బొటనవేళ్ళు తలుపు దిక్కు తిరిగి ఉంటయ్.
భుజం మీద చెయ్యేసి మెల్లగ అడిగేది,
"ఏడ దిగుతవ్ నాయనా?"
తిట్టకపోయేది.
తిడితే రేపు ఇంకో బస్సెక్కి ఇట్లనే నిలబడతడు.

ఇరవై రోజుల కింద, పొద్దుగాల,
బాత్రూముల బకెట్ జరిపి
తిరగబోయి పడ్డ.
ఏంది చప్పుడని కోడలు అడిగితే
చెంబు పడ్డదన్న.
అప్పటి సంది గోడకు అరచెయ్యి ఆనించి
చిన్న చిన్న అడుగులతో మర్లుతున్న.
ఎవ్వరు చూడలేదనుకున్న.

"సఫూరా," అన్న,
"ఫుట్‌బోర్డు మీద దొరికిన.
రాసుకో, ఒక్కసారి పడ్డ.
కాదు, రెండుసార్లు."

ఆమె వెంటనే రాసుకోలే.
ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.
"మర్లుడు నేర్పుత, లే."
సుద్దగీత మీద నిలబడి
రెండు చేతులు ముందుకు చాపింది.

సర్వీసంతల ఒక్కనాడు పట్టని కడ్డీని
పట్టుకున్న.